కుడికాలు

మా నాయిన రాజమల్లు ఎప్పుడు తన్నినా కుడికాలితోనే తన్నేవాడు. ఎడమకాలు నేల మీద గట్టిగా ఆనించి, నడుము కొంచెం వెనక్కి వంచి, అప్పుడు లేపేవాడు కుడికాలు. తాపీ మేస్త్రీ కదా, ఏ పనికైనా ఒక పద్ధతి ఉండేది. ఆ ఎడమకాలు నేలకు ఆనే తీరు చూసి చిన్నప్పుడు నేను మంచం కిందికి దూరేదాన్ని. అమ్మకు దూరడానికి చోటు లేదు. కామాటిపురలో మా ఖోలీ, ఉన్నదొక్కటే గది, పది అడుగులకు పన్నెండు. అందులో సగం వంటకీ స్నానానికీ పోతే, మిగిలిన సగంలో దెబ్బ తప్పించుకునేంత జాగా ఎక్కడిది?

ఇది మొన్నటి వానాకాలం సంగతి. తొలి వానకు కొంచెం ముందు మొదలై బోనాలతో ముగిసింది. ఆ నెలన్నరలో మా ఇల్లు తలకిందులైంది.

మా గల్లీ పోచమ్మకు ఇరవై ఆరేళ్లుగా నాయినే పోతరాజు. బోనాల ఆదివారం ఒళ్లంతా పసుపు పూసుకుని, ఎర్ర ధోవతి కట్టి, గజ్జెలు వేసుకుని, కొరడా ఝళిపిస్తూ బోనాల ముందు ఆడేవాడు. మిగతా ఏడాదంతా ఆ కొరడా మా గోడకు, దేవుడి పటం పక్కన వేలాడేది. బోనాల చివర నిప్పుల గుండం తొక్కేవాడు. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చిన మా ముత్తాతలు వెంట తెచ్చుకున్న మొక్కు అది. కిందటేడు అందరూ గబగబా దాటిపోతే, నాయిన మాత్రం నిప్పుల నడుమ ఆగి, నిమ్మకాయ కొరికి ఉమ్మేసి, మళ్లీ తాపీగా నడిచాడు. ముఖంలో ఒక్క నరం కదల్లేదు. గల్లీ మొత్తం ఆయన కాళ్ల మీద పడింది. రాజమల్లు ఒంట్లోకి పోచమ్మ వచ్చిందన్నారు. నేనూ చేతులు జోడించాను. మూడో రోజుకు ఆయన అరికాళ్ల నిండా బొబ్బలు లేచాయి. ఆయన ఆ బొబ్బల మీదే నడిచి పనికి పోయాడు. అప్పుడు నాకు అమ్మవారు కాదు, మా క్లినిక్‌కు వచ్చే కాళ్లు గుర్తుకొచ్చాయి.

నేను నాగ్‌పాడా దగ్గర ఒక ట్రస్టు నడిపే పాదాల క్లినిక్‌లో హెల్పర్ని. అక్కడ సుగరు వాళ్లూ, కుష్టు నయమైనవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. రోగాలు వేరైనా కాళ్లకు పట్టే గతి ఒకటే. స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, కాలినా తెలియదు. వాళ్లకు కాళ్లు కాపాడుకోవడం నేర్పేది గంగాబాయి. అరవై దాటిన మనిషి, కుష్టు నయమై నలభై ఏళ్లు. కుడిచేతి వేళ్లు సగానికే ఉన్నాయి, ఎడమపాదానికి రెండు వేళ్లు లేవు. క్లినిక్‌లో అందరికీ ఆమె మౌశీ, అంటే పిన్ని. ఆ పాదాన్నే స్టూలు మీద పెట్టి పాఠం చెప్పేది.

"ఈ ఏలును చాయ్ గిన్నె తిన్నది. ఈ ఏలును చెప్పుల ఇరికిన గాజుపెంక తిన్నది. ఒక్కదానికి సుత నేను ఏడువలే. ఏడిస్తే రెండు సుత దక్కుతుండె."

జనం నవ్వేవాళ్లు. నవ్వు ఆగాక ఒక్కొక్కరే తమ చెప్పులు విప్పి, లోపల చేయి పెట్టి తడుముకునేవాళ్లు. మౌశీ పాఠం అలా ఎక్కేది.

నాయినకు సుగరు వచ్చి పన్నెండేళ్లు. క్లినిక్‌కు రమ్మంటే బూతులు తిట్టేవాడు. చివరికి అమ్మే ఒక ఉపాయం చేసింది. అక్కడ మెత్తటి చెప్పులు ఊరికే ఇస్తున్నారని చెప్పి తీసుకొచ్చింది. జూన్ మొదటి వారం, వాన ఇంకా పడలేదు. నాయినను కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. మౌశీ ఆయన చీలమండ పట్టుకుంది. నేను నైలాన్ దారంతో అరికాలి మీద ఒక్కొక్క చోట నొక్కుతూ పోయాను. తగిలినప్పుడు 'ఆ' అనాలని ముందే చెప్పాను. ఎడమకాలికి మూడు చోట్ల 'ఆ' అన్నాడు. కుడికాలి మీద పది చోట్లా నొక్కడం అయిపోయింది. దారం డబ్బాలో పెట్టేశాను.

"ఏందే, ఇంక సురువు జెయ్యవా?" అన్నాడు నాయిన, కళ్లు మూసుకునే.

అమ్మ నా వైపు చూసింది. నాకు దారం తీసి మళ్లీ మొదటి నుంచి నొక్కాలనిపించింది. ఎంత కొట్టినా తిట్టినా, తండ్రి తండ్రే.

మౌశీ మాత్రం తొణకలేదు. "రాజమల్లన్నా, ఈ కాలు ఇగ నీకు ఖబర్ పంపది. ఉత్త కాళ్లతోని ఒక్క అడుగు సుత నడవొద్దు. ఇంట్ల ఒకరు దినాం చూడాలె." చేతిలో పట్టేంత అద్దం ఒకటి తీసి అమ్మకు ఇచ్చింది. "మల్లవ్వా, దీన్ని అరికాలు కింద పెట్టి చూడు. ఎర్రగైనా, నీరు కారినా, ఏలికి గట్టిగ ఏమన్న తగిలినా, అదే దినం తీస్కరా. నొప్పి లేని పుండు మనిషిని తింటది."

అమ్మ అద్దాన్ని రెండు చేతులతో తీసుకుంది. ఆమె పాఠం వింటుంటే నాకు ముచ్చటేసింది. ఏది ఎట్లా చూడాలో రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది.

అప్పుడు నాయిన కళ్లు తెరిచాడు. తన చీలమండ మీద ఉన్న ఆ సగం వేళ్లు చూశాడు. లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. మౌశీ చేతిని కాలితో విదిలించి, అక్కడే ఉమ్మి వెళ్లిపోయాడు.

ఇంటికి నేను వచ్చేసరికి ఆలస్యమైంది. అంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాలు చాలాయి. తలుపు తీసే ఉంది. అమ్మ గోడ మూల ముడుచుకుని ఉంది. నాయిన ఎడమకాలు నేలకు ఆనించి ఉంది. "కుష్టుదానితోని నా కాళ్లు పట్టిస్తవా? పోతరాజు కాళ్లు పట్టిస్తవా?" ఒక్కో మాటకు ఒక్కో తన్ను. నేను అడ్డం పోతే చెంప మీద కొట్టాడు, గుమ్మం బయట పొడవాటి గ్యాలరీలోకి వెళ్లి పడ్డాను. పక్క ఖోలీల తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. వరస ఖోలీల మా చాల్‌లో ఇతరుల దెబ్బలకు అదే మర్యాద.

మర్నాడు అమ్మ ఊపిరి పీలిస్తే మూలిగింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, పక్కటెముక విరిగిందన్నారు. "మెట్ల మీద జారి పడ్డ" అంది అమ్మ. పేరు రాసుకునే ఆవిడ తలెత్తి చూడలేదు. నాకు ఆ రోజు ఆయన కాలు పుచ్చిపోవాలనిపించింది. అనిపించిందని దాచడమెందుకు?

ఆ వారమే నాయిన నలభై ఒక్క రోజుల దీక్ష పట్టాడు. దీక్షలో చెప్పులు వేసుకోరు. సుగరు గోళీలు కూడా మానేశాడు. పెళ్లికాని ఆడపిల్ల పోతరాజు కాళ్లు ముట్టకూడదు, కనక నేను దూరం. పొద్దున్నే భార్య కాళ్లు కడిగి, పాదాల నిండా పసుపు ముద్ద పట్టించాలి. అంటే అమ్మే. విరిగిన పక్కటెముకను ఎడమచేత్తో పట్టుకుని, వంగి, రోజూ ఆ కుడికాలు కడిగేది.

వాన దంచి కొట్టింది. గల్లీలో మోకాలి లోతు నల్లనీళ్లు. ఎలుకలు ఈదుతున్నాయి. వర్క్‌షాపుల ముందు ఇనుప రజనూ, మేకులూ కొట్టుకొస్తున్నాయి. ఆ నీళ్లలోనే నాయిన ఉత్త కాళ్లతో తిరిగేవాడు. నేను పని నుంచి రాగానే అడిగేదాన్ని.

"అమ్మా, చూసినవా?"

"చూసిన."

"అద్దం పెట్టి?"

"అద్దం పెట్టే చూసిన. మంచిగనే ఉన్నది."

ఏ రోజు అడిగినా అదే మాట. అద్దం చిలక్కొయ్యకు, అమ్మ ఎత్తుకు సరిగ్గా కట్టి ఉండేది. ఇన్నేళ్లూ స్టీలు డబ్బా మూతలో చూసుకుని బొట్టు పెట్టుకునేది, ఇప్పుడు ఆ అద్దంలో పెట్టుకుంటోంది. ఇంకోటి కూడా గమనించాను. మా నేల అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫినాయిల్ పోసి తుడిచేది. బురద కాలం కదా అనుకున్నాను. మెచ్చుకున్నాను కూడా.

బోనాలకు నాలుగు రోజుల ముందు మౌశీ మా చాల్ మెట్లెక్కి వచ్చింది. మధ్యాహ్నం, నేను ఇంట్లోనే ఉన్నాను. ఈ ఆదివారం నాయిన గుండం తొక్కుతాడని ఎవరో చెప్పారట. గుమ్మం దగ్గరే ఆగి, ముక్కు పైకెత్తి, గాలి పీల్చింది.

"ఫినాయిల్ కింద ఇంకోటి ఉన్నది" అంది. "నలభై ఏండ్లు నా కాలు వాసన నేనే చూసుకున్న, నాకు తెలువదా? రాజమల్లన్నా, కాలు చూపియ్యి."

నాయిన మంచం మీద పడుకుని ఉన్నాడు. రెండు రోజుల నుంచి ఆయన ఒళ్లు కాలుతోంది, అమ్మవారు దగ్గరికొస్తోందని చెప్పుకుంటున్నాడు. మౌశీని చూడగానే లేచాడు. ఆ లేవడంలో కొంచెం తూలాడు కూడా. గోడ మీది కొరడా చేతికొచ్చింది.

మొదటి దెబ్బ మౌశీ అడ్డం పెట్టిన ముంజేతి మీద పడింది. చర్మం చిట్లి రక్తం మోచేయి దాకా జారింది. గ్యాలరీలో ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఈసారి తలుపులు మూసుకోలేదు, తెరుచుకున్నాయి. బోనాల కమిటీ పెద్ద బుచ్చయ్య కింది అంతస్తు నుంచి పరుగున వచ్చాడు. రెండో దెబ్బ కూడా అదే చోట పడింది. మౌశీ రెప్ప కూడా వేయలేదు. చేయి ఇంకా ఎత్తి, అందరికీ కనిపించేలా చుట్టూ తిప్పింది.

"ఇంకోటి కొట్టు. నాకు తెలుస్తలేదు. చూడుండ్రి, రక్తం కారుతున్నది, నొప్పి లేదు. ఏం బుచ్చయ్యా, నా మీదికి సుత పోచమ్మనే వచ్చిందా? నాకొస్తే రోగం, ఈయనకొస్తే దేవతనా?"

కొరడా ఎత్తిన నాయిన చేయి అట్లాగే ఆగిపోయింది. మా నాయిన తడబడడం నేను మొదటిసారి చూశాను. బుచ్చయ్య పసుపు పూసిన ఆ పాదాల వైపు చూశాడు. కిందటేడు ఆ పాదాలకే మొక్కినవాడు.

"రాజమల్లూ, ఈ ఏడు గుండం ఇడిచిపెట్టరా. లేకుంటే ఒక్కసారి కాలు కడిగి చూపియ్యి" అన్నాడు.

నాయిన అతని గల్లా పట్టుకుని గ్యాలరీ కటకటాలకేసి గుద్దాడు. బుచ్చయ్య పెదవి పగిలింది. నలుగురు విడదీశారు. నేను చెంబుతో నీళ్లు తెచ్చి కాలి దగ్గరికి పోబోయాను. పెండ్లిగాని దానివి ముట్టుకోకని నాయిన అరిచాడు. అమ్మ నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది.

మౌశీ అప్పుడు అమ్మను అడిగింది. "మల్లవ్వా, దినాం నువ్వే కడుగుతవు గదా. అందరి ముందల చెప్పు. పుండు ఉన్నదా, లేదా?"

గ్యాలరీ అంతా అమ్మ వైపు తిరిగింది. నాయిన కూడా. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది.

"లేదు" అంది. "మంచిగనే ఉన్నది."

బుచ్చయ్య తలూపాడు. కట్టుకున్న భార్య మాట కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది? జనం మెల్లగా కదిలారు. మౌశీ అమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది. రక్తం కారే చేతిని కొంగులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది. నేను వెంట పోయి కట్టు కట్టాను. నాకు అప్పుడే అనుమానం రావాలి. వచ్చిందేమో కూడా. అడిగే ధైర్యం లేదు.

ఆదివారం నాలుగింటికి గుండం సిద్ధమైంది. నాలుగు బొంగులకు నీలం తాడ్‌పత్రి పట్టా కట్టారు, వాన దాని మీద తాషా డప్పు మోగినట్టు పడుతోంది. కింద నిప్పులు. నాయిన ఒళ్లు జ్వరంతో వణుకుతోంటే, అమ్మవారు పూనిందని జనం ఈలలు వేశారు. నిమ్మకాయ కొరికి నిప్పుల్లోకి దిగాడు. నాలుగడుగులు వేసి, కిందటేడులాగే నడుమ ఆగాడు. కొరడా తల మీద గిరగిరా తిప్పాడు. జనం "పోచమ్మా" అని గొంతులు చించుకున్నారు. నేను గుంపును గుద్దుకుంటూ ముందుకు పోయాను, అప్పటికే ఆలస్యమైంది. ఆయన అడుగు తీసి అడుగు వేశాడు. కుడికాలు లేచింది. అరికాలి తోలు లేవలేదు. నిప్పుల మీదే ఉండిపోయి, చుట్టుకుపోయి, మండింది.

ఆ వాసనకు ముందు వరుస వాళ్లు వెనక్కి పడ్డారు. అరుపులన్నీ వాళ్లవే. నాయిన మాత్రం ఇంకా ఆడుతూనే ఉన్నాడు. అవతలి గట్టు ఎక్కి, అందరూ ఎందుకు అట్లా చూస్తున్నారో అర్థంకాక, తన కాలు వైపు చూసుకున్నాడు. తెల్లగా ఎముక కనిపించింది. అప్పుడు కూడా నొప్పి లేదు. నొప్పి లేదన్న భయం ఒక్కటే ఆయన ముఖంలో కనిపించింది. చిన్నపిల్లాడిలా "మల్లవ్వా" అని పిలిచి కూలబడ్డాడు.

కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. నన్నూ అమ్మనూ పిలిచి ఎక్స్‌రే చూపించాడు. మడమలో అంగుళమున్నర పొడవున తెల్లగా మెరుస్తున్న గీత.

"ఇది మేకు" అన్నాడు హిందీలో. "నిప్పులు కాల్చింది పైపైన. ఎముక కుళ్లి నెల దాటింది. తల బయటికే ఉంది. కడిగేటప్పుడు ఎవరి చేతికీ తగల్లేదా?"

బయట వరండాలో అమ్మ పక్కన కూర్చున్నాను. ఎంతో సేపటికి అడగగలిగాను.

"నీ చేతికి తగల్లేదా అమ్మా?"

"తగిలింది" అంది. "తగిలిన మొదటి దినమే రక్తం సుత చూసిన. నేల మీద అడుగులు పడుతుండె. తుడిచిన."

గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. కందిపప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. చేయి మాత్రం, కొంగు కింద, ఆ విరిగిన పక్కటెముక మీద ఉంది. నేను ఎన్ని ఇళ్లవాళ్లకు చెప్పాను, ఇంట్లో ఒకరు రోజూ కాళ్లు చూడాలని! ఆ కాళ్లు ఆ ఇంట్లో ఏం చేశాయని ఒక్కచోటా అడగలేదు. అమ్మ మీద కోపం వచ్చింది, నాయిన మీద జాలి వచ్చింది, మళ్లీ తారుమారయ్యాయి. చివరికి అమ్మ భుజం మీద తల పెట్టుకుని నేనే ఏడ్చాను.

శ్రావణంలో నాయినను ఇంటికి తెచ్చాం. కొరడా గోడ మీదే ఉంది, నాయిన దాని కింద కుర్చీలో కూర్చునేవాడు. గొంతు మునుపటిదే, బూతులు మునుపటివే. లేవలేడు, అంతే. ఒకరోజు మౌశీ వచ్చింది. ముంజేతి మీద కొరడా మచ్చలు రెండు, మాని నల్లబడ్డాయి. క్లినిక్‌లో కుట్టిన మెత్తటి చెప్పు తెచ్చింది, ఒక్కటే, ఎడమకాలిది. ముందు తన చేయి లోపల పెట్టి తడిమి, అప్పుడు కింద పెట్టింది. నాయిన తల తిప్పుకున్నాడు.

"ఈ కాలు సుత సగం మొద్దే" అంది మౌశీ. "దీన్నన్న కాపాడుకోవాలె. దినాం ఎవరు చూస్తరు?"

నేను చూస్తానని అనబోయాను.

"నేనే చూస్త" అంది అమ్మ.

మౌశీ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. అమ్మ చిలక్కొయ్య నుంచి అద్దం విప్పి, పీట వేసుకుని కూర్చుని, నాయిన ఎడమకాలిని ఒడిలోకి తీసుకుంది. అరికాలి కింద అద్దం పెట్టి, బొటనవేలితో మడమ నుంచి వేళ్ల దాకా మెల్లగా నొక్కుతూ పోయింది, మౌశీ నేర్పిన తీరున. వేళ్ల సందులు కూడా విడదీసి చూసింది. తర్వాత, నాయినకు వినిపించాలనే, గొంతు తగ్గించకుండా మా ఇద్దరితో అంది.

"భయపడకుండ్రి. ఈ కాలితోని ఆయన నన్ను ఎన్నడు తన్నలే. దీన్ని మంచిగనే చూస్త."

నాయిన కాలు వెనక్కి తీసుకోబోయాడు. అమ్మ మడమ పట్టుకుని ఒడిలోనే ఉంచుకుంది.